ఓనరమ్మ గారి స్కాట్లాండ్ నాన్న

ఆదివారం పూట కార్ల్స్‌రూహెలో మిక్సీ వేయకూడదని తెలియక కాదు, తెలిసే వేశాను. ముందురోజు రాత్రి నానబోసిన మినప్పప్పుకి జర్మన్ చట్టం తెలియదు కదా. రెండో తిప్పుకే పై అంతస్తులో తలుపు తెరుచుకుంది, మెట్ల మీద చెప్పుల చప్పుడయింది, మా బెల్లు మోగింది. వచ్చింది మా ఇంటి ఓనరమ్మ. ఎనభైకి దగ్గరపడినా నిటారుగా నడుస్తుంది. మేం చెత్త ఏ డబ్బాలో వేశామో మూత తీసి మరీ చూసే రకం. ఎదురుపడితే జర్మన్ మర్యాదలన్నీ వాడతాం, తలుపేసుకున్నాక మాత్రం ఓనరమ్మ అంటాం.

తిట్టడానికి వచ్చిన మనిషి, నా వెనక సోఫాలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్న మా ఆయన్ని చూసి ఆగిపోయింది. "మీ ఆయన కంప్యూటర్ మనిషి కదా. అందులో మనుషుల్ని వెతకొచ్చంటారు. చనిపోయినవాళ్ళని కూడా వెతకొచ్చా?" అని అడిగింది. మా ఆయన ఆఫీసులో డేటాబేస్‌లు చూస్తాడు, చనిపోయినవాళ్ళతో పనిలేదు. కానీ ఆయనది కరీంనగర్. ఎవరేం అడిగినా కాదనడం చేతకాదు. "యా, యా," అంటూ తలూపేశాడు. నా చేతిలో మిక్సీ గిన్నె ఉంది కాబట్టి ఊరుకున్నాను.

కాఫీ తాగుతూ ఆవిడ సంగతంతా చెప్పింది. యుద్ధం అయిపోయాక ఉత్తరాన బ్రిటిష్ సైన్యం ఉన్న ఒక పట్టణంలో వాళ్ళమ్మ సైనికుల బట్టలు ఉతికే చోట పనిచేసేదట. అక్కడ స్కాట్లాండ్ కుర్రాడొకడు పరిచయమయ్యాడు. సముద్రపు ఒడ్డున జాలర్ల పల్లె అతనిది. కొన్నాళ్ళకి అతని దళాన్ని వెనక్కి పిలిచేశారు. బిడ్డ పుట్టాక వాళ్ళమ్మ ఆ పసిగుడ్డు ఫోటో ఒకటి అతని పేరూ ఊరూ రాసి పంపింది. జవాబు రాలేదు. రెండోసారి పంపడానికి ఆవిడ అభిమానం ఒప్పుకోలేదు.

"ఆయన మా అమ్మని ప్రేమించాడా లేదా అన్నది వాళ్ళిద్దరి గొడవ," అంది ఓనరమ్మ. "నాకు తెలియాల్సింది ఒక్కటే. నేను పుట్టానని ఆయనకి తెలుసా?" ఆ మాటతో ఆవిడ మీద నాకున్న కోపం చాలావరకు పోయింది. చెత్తడబ్బా కోపం మాత్రం అలాగే ఉంది. మొత్తానికి వెతుకులాట మొదలైంది. అది నడిచినన్నాళ్ళూ ఆదివారం మా మిక్సీ మోగినా పైన తలుపు తెరుచుకోలేదు. అలా అని మాట ఇచ్చుకున్నదేమీ లేదు, ఇరువైపులా అర్థమైపోయిందంతే.

చేతిలో పేరుంది, ఊరుంది, వాళ్ళమ్మ దాచుకున్న సైనికుడి ఫోటో ఉంది. "ఇంకేం గావాలె? గంటల అయిపోతది సూడు," అన్నాడు మా ఆయన. స్కాట్లాండ్ వాళ్ళు పాత చర్చి పుస్తకాలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నారు పుణ్యాత్ములు. పేరు కొట్టగానే స్క్రీన్ నిండా అదే పేరు. తాత పేరు మనవడికి, ఆ మనవడి పేరు మళ్ళీ వాడి మనవడికి, మేనమామ పేరు మేనల్లుడికి. ఆ ఊరివాళ్ళకి మగపిల్లల పేర్లు మూడో నాలుగో తెలిసినట్టున్నాయి, ఇంటిపేర్లు అంతకంటే తక్కువ. మా ఆయన ఎక్సెల్ తెరిచి ఒక్కో మనిషికి ఒక్కో రంగు వేయడం మొదలుపెట్టాడు. రంగులు అయిపోయాయి గాని మనుషులు అయిపోలేదు.

లేత ఆకుపచ్చ రంగు మనిషి నాకు నచ్చాడు. వయసు సరిపోయింది. నెట్‌లో గాలించి ఆయన మనవరాలికి మెసేజ్ పెట్టాం. మా తాతకి చిన్నప్పటినుంచీ ఒక కాలు లేదు, ఏ సైన్యం తీసుకుంటుందండీ అని ఆవిడ చాలా మర్యాదగా జవాబిచ్చింది. నారింజ రంగు మనిషి పాస్టరు. ఆ కుటుంబం అంత మర్యాదగా జవాబివ్వలేదు.

తర్వాత మా ఆయన దృష్టి ఫోటోలో ఉన్న గళ్ళ లంగా మీద పడింది. స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టే ఆ కిల్టు మీది గళ్ళని బట్టి ఏ దళమో, ఏ వంశమో చెప్పొచ్చని ఎక్కడో చదివాడు. శని, ఆదివారాలు రెండూ గళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఇంట్లో అంట్ల గిన్నెలు గుట్ట పడ్డాయి. చూసి చూసి, "ఫోటో బ్లాక్ అండ్ వైటు గదండీ, రంగులు ఎట్టా తెలుస్తయ్యి మీకు?" అన్నాను. ఆయన కాసేపు ఫోటో వంక, కాసేపు నా వంక చూశాడు. "గది ముంగటనే జెప్తే అయిపోవు గదనే," అన్నాడు. నా కంటికైతే అది మా తాత కట్టిన గళ్ళ లుంగీలాగే ఉంది, ఏ వంశమని చెప్పను?

ఓనరమ్మ పట్టు వదల్లేదు. డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటానంది. చిన్న గొట్టంలో ఉమ్మి పంపించాం. ఫలితం వచ్చిన రోజు ముగ్గురం పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాం. తీరా చూస్తే ఆ ఊళ్ళో పరీక్ష చేయించుకున్న ప్రతివాళ్ళూ ఈవిడకి బంధువులే, దూరం దగ్గరా తేడా లేకుండా. నాకు నవ్వాగలేదు. తరతరాలుగా పక్కింటి పిల్లని ఎదురింటి అబ్బాయికి ఇచ్చుకున్న ఊరది. మా వైపు మేనరికాల కుటుంబాల్లో ఒకే మనిషి బాబాయీ అవుతాడు, బావా అవుతాడు, పెళ్ళిలో ఎటువైపు కూర్చోవాలో తెలీక భోజనాల దగ్గర నిలబడతాడు. అలాంటి చోట ఉమ్మి ఏం చెబుతుంది? ఓనరమ్మ మాత్రం నవ్వలేదు. "ఊరంతా నావాళ్ళే, నాన్న తప్ప," అని కప్పు అక్కడే వదిలేసి పైకి వెళ్ళిపోయింది. నా నవ్వుకి నాకే సిగ్గేసింది.

ఆ సిగ్గుతో కోపం కూడా వచ్చింది. ఎక్సెల్ మూసేయమన్నాను. మ్యాప్‌లో ఆ ఊరు తెరిస్తే రేవు పక్కన చేపలు వేయించి అమ్మే కొట్టు ఒకటి కనబడింది, కింద ఫోన్ నంబరుంది. ఊరి సంగతులు చర్చి పుస్తకాల్లో కంటే బజ్జీల కొట్లో ఎక్కువ తెలుస్తాయని నా నమ్మకం. ఓనరమ్మని కిందికి పిలిచి, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. ఒక పెద్దమనిషి ఎత్తాడు. ఆయన ఇంగ్లిష్ గులకరాళ్ళు నములుతున్నట్టుంది. పేరు చెప్పి, ఆ మనిషి కుటుంబం ఇంకా మీ ఊళ్ళో ఉందా అని అడిగాను.

"ఉంది. ఎవరి కుటుంబం?" అన్నాడాయన.

"పేరు చెప్పాను కదండీ."

"పేరు సరేనమ్మా. ఆయన్ని ఏమంటారు?"

"ఆ పేరే అంటారు!"

"ఆ పేరు నాది కూడా. నన్నెవరూ అలా అనరు," అన్నాడాయన ఓపిగ్గా. నూనె కాగుతోందని పెట్టేశాడు.

నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపించింది. మాది పల్నాడులో ఒక ఊరు. దగ్గర్లో కొండమీద దేవుడున్నాడు, చుట్టుపక్కల పుట్టిన మగపిల్లల్లో సగం మందికి ఆయన పేరే. మా నాన్నది అదే పేరు, మా లెక్కల మాస్టారిదీ అదే, ఆయన చేత తన్నులు తిన్నవాళ్ళలో సగం మందిదీ అదే. బస్సులో ఆ పేరు పెట్టి కేకేస్తే డ్రైవర్‌తో సహా తిరిగి చూస్తారు. అందుకే ఎవర్నీ పేరుతో పిలవరు. ఒకాయన పకోడీ, ఒకాయన రేడియో, ఒకాయన మూడుపళ్ళు. ఊళ్ళో మొదట చేతి గడియారం కొన్నాడని మా నాన్న గడియారం. ఒక్కరోజూ టైముకి ఎక్కడికీ వెళ్ళిన పాపాన పోలేదు, అది వేరే విషయం. పెళ్ళయ్యేదాకా నేను గడియారం కూతుర్నే. పట్నం నుంచి వచ్చిన చుట్టం అసలు పేరు పట్టుకుని తిరిగితే సాయంత్రం దాకా తిరగాల్సిందే. ఇవన్నీ పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ తెలిసిన నేను, నెలల తరబడి అసలు పేరు పట్టుకుని స్కాట్లాండ్ చుట్టూ తిరిగాను.

"మీ అమ్మగారు ఆయన్ని ఏమని పిలిచేవారు?" అని ఓనరమ్మని అడిగాను.

ఆవిడ ముఖం చెవుల దాకా ఎర్రబడింది. "అది మీకు అనవసరం."

"చాలా అవసరం. పేరు కాదు, ముద్దుపేరు చెప్పండి."

ఆవిడ మా ఆయన వంక చూసింది. మా ఆయన కోటు కూడా వేసుకోకుండా బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి, గుసగుసగా, "డంప్లింగ్," అంది. మన లెక్కలో ఉండ్రాయి అనుకోండి. వయసులో ఉన్న తల్లి ఒక సైనికుణ్ణి ఉండ్రాయీ అని పిలుచుకుందంటే ప్రేమ కబుర్లేనని, తల్లి పరువు పోతుందని, ఇన్నేళ్ళూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదట.

మళ్ళీ ఫోన్ చేశాను. "డంప్లింగ్," అన్నానో లేదో అవతల పెద్ద అరుపు. "డంప్లింగా! ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" తర్వాత కొట్లో ఉన్నవాళ్ళందరికీ ఆయన ఏదో చెప్పడం, వాళ్ళు తలొక మాటా అనడం వినిపించాయి. డంప్లింగ్ పోయి చాలా కాలమైందట. కొడుకున్నాడు, ఊరికి అతను కూడా డంప్లింగే. పొద్దున్నే వచ్చి చేపలు తీసుకెళ్ళాడు. ఓనరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాల్కనీలో వణుకుతున్న మా ఆయన సంగతి ఇద్దరం మర్చిపోయాం.

సవతి తమ్ముడితో వీడియో కాల్‌కి కూడా ఓనరమ్మ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, పెట్టించింది, ఆదివారం కాఫీ వేళకి. టెర్మిన్ లేకుండా ఆవిడ దేవుణ్ణి కూడా లోపలికి రానివ్వదు. తెర మీద గుండ్రటి ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. ముక్కు చూడగానే నాకిక ఏ పరీక్షా అక్కర్లేకపోయింది, ఓనరమ్మ ముక్కే మీసాల మీద కూర్చున్నట్టుంది. ఆయన స్కాట్లాండ్ ఇంగ్లిష్‌ని నేను జర్మన్‌లోకి మారుస్తూ కూర్చున్నాను. మా ఆయన ఒక్క ముక్క అర్థం కాకపోయినా అన్నిటికీ తలూపాడు.

వాళ్ళమ్మ పంపిన పసిగుడ్డు ఫోటో సంగతి చెప్పగానే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ పసిపిల్ల... నువ్వా?" అన్నాడు. ఆ ఫోటో ఊరందరికీ తెలుసట. పోస్టుమాన్ కవరు మీద అసలు పేరు చూసి, ఆ పేరున్న ఎవరో ఒకరికి ఇచ్చేశాడు. అది ఇంకొకాయన ఇల్లు. భార్య విప్పింది. జర్మనీ నుంచి చంటిపిల్ల ఫోటో, మొగుడి పేరు మీద! ఆ మొగుడు యుద్ధమంతా ఊళ్ళోనే పడవలు బాగుచేస్తూ గడిపాడు, జర్మనీ ఎటువైపుందో కూడా తెలీదు. ఎంత మొత్తుకున్నా ఆవిడ వినలేదు. పెనం తీసుకుని రేవు దాకా తరిమింది. బతికినన్నాళ్ళూ ఆయన్ని ఊరంతా జర్మనీ నాన్నా అని ఏడిపించేది. ఆ కథ చెప్పుకోకుండా ఆ ఊళ్ళో ఒక్క పెళ్ళి కూడా జరగలేదట.

చెబుతూ ఆయన నవ్వాడు, మారుస్తూ నేనూ నవ్వాను. ఓనరమ్మ నవ్వలేదు. "మా నాన్న?" అంది. "ఆయన కూడా నవ్వేవాడా?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది. "లేదు," అన్నాడు. "ఆ కథ మొదలైతే మా నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పడవ చూసొస్తాననేవాడు. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు."

ఆ మాట జర్మన్‌లో చెప్పాను. అంతకుమించి చెప్పనక్కర్లేకపోయింది, ఆవిడకి అర్థమైపోయింది. "తెలుసన్నమాట," అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచి పిరికిపందతో మొదలుపెట్టి తండ్రిని ఏకధాటిగా తిట్టింది. నేను మార్చి చెప్పడం మానేశాను. అవతల ఆయన తలొంచుకుని, తిట్లన్నీ తనవే అయినట్టు, "నిజమే అక్కా, నిజమే," అంటూ కూర్చున్నాడు. తిట్టి తిట్టి అలసిపోయాక, ముఖం కాస్త వెలుతురు వైపు తిప్పమంది. అతను తిప్పాడు. చాలాసేపు అలా చూస్తూనే ఉంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు తలుపు కొట్టి, స్కాట్లాండ్‌కి టికెట్లు తీయమంది, మేమిద్దరం కూడా రావాలంది. పెనం దెబ్బలు తిన్నాయన ఎక్కడున్నాడో తమ్ముణ్ణి అడిగి అప్పటికే కనుక్కుందట, వాళ్ళ నాన్నని పాతిపెట్టిన శ్మశానంలోనే, చివరి వరుస. దిగగానే ముందు ఆ అమాయకుడికి పూలు పెట్టాలి, వాళ్ళమ్మ తరఫున క్షమాపణ చెప్పాలి అంది.

"మరి మీ నాన్నగారి దగ్గరికి?" అన్నాను.

"మర్నాడు వెళ్దాం," అంది ఓనరమ్మ. "ఒక్క రాత్రి ఆయన్నీ ఎదురుచూడనివ్వండి."