తలనొప్పితో షోళింగనల్లూరుకు

ఈ ప్రయాణం తెలుగు పేపర్లో పడిన ఒక ఫొటోతో మొదలైంది. ఫొటోలో ఉన్నది మా పిన్ని కూతురు ఇందుమతి. తెల్ల కోటు, మెడలో సన్నటి గొలుసు, నిండు నవ్వు. కంటి డాక్టరుగా మొదలై తలనొప్పుల డాక్టరుగా పేరు తెచ్చుకుందని పైన పెద్ద అక్షరాలతో వేశారు. నేను చదవడం నేర్చుకున్నది యాభై దాటాక. మా వ్యాసర్పాడిలో రిటైరైన పంతులమ్మ ఒకరు శనివారం సాయంత్రాలు తెలుగు తరగతి పెడితే అక్కడ నేర్చుకున్నాను. అందుకని ఆ వార్త ముగించడానికి ఒక పూట పట్టింది. చదివేకొద్దీ కడుపు మండింది. "మా అమ్మ తలనొప్పిని చిన్నప్పటి నుంచి కళ్ళారా చూశాను, అదే నన్ను ఈ దారిలోకి తెచ్చింది" అని ఇందు చెప్పినట్టు అందులో ఉంది.

ఆ తలనొప్పిని చూసింది నేను. మా అమ్మ పోయాక పిన్ని ఇంట్లో పెరిగాను. పిన్నికి నొప్పి వచ్చిందంటే వంట, ఇల్లు, చంటిదిగా ఉన్న ఇందు, అన్నీ నా మీద పడేవి. నన్ను బడిలో వెయ్యలేదు. ఇందు బడికి వెళ్ళింది, కాలేజీకి వెళ్ళింది, డాక్టరైంది. చివరికి ఆ తలనొప్పి కూడా ఆమెదే అయిపోయింది.

దానికితోడు ఏడాదిగా నాకూ తలనొప్పి. శనివారం తరగతిలో పుస్తకం తెరిచిన కాసేపటికి కుడి కణత దగ్గర మొదలవుతుంది. ఈ వయసులో అక్షరాలేమిటి, కళ్ళు పాడవుతున్నాయని కోడలు అంటుంది. అద్దాలు రెండుసార్లు మార్చినా తగ్గలేదు. నాకున్న భయం ఒక్కటే, చదవడం మానెయ్యమంటారేమోనని. ఆ మాట ఇందు నోటి నుంచే వినవలసి వస్తే తట్టుకోలేను. అయినా ఆమె దగ్గరికే బయలుదేరాను. ఎంత పెద్ద ఆసుపత్రో చూడాలని కూడా ఉంది.

శనివారం పెరుమాళ్ళకు నా ఉపవాసం. కాఫీ ఒక్కటి తాగి ఏడున్నరకు వ్యాసర్పాడి జీవా స్టేషన్ చేరాను. తిరువాన్మియూరు దాకా ఒకే టికెట్టు, పది రూపాయలు. బీచ్ స్టేషన్లో దిగి రైలు మారాలి. స్టేషన్లో బోర్డులు తమిళంలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఇంత కష్టపడి నేను నేర్చుకున్న అక్షరాలు ఈ ఊరి గోడల మీద దాదాపు ఎక్కడా కనబడవు. అందుకే ఇప్పటికీ అందరినీ అడిగే రైలెక్కుతాను.

బీచ్‌లో ఎనిమిదింబావు రైలు దొరికింది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు కూడా దొరికింది. కోడలితో ఫోన్లో మాట్లాడుతుంటే విని ఎదురుగా కూర్చున్నావిడ "తెలుగా మీరు?" అని పలకరించింది. మందవెలిలో ఎవరింట్లోనో వంట చేస్తుందట. తలనొప్పికి కంటి డాక్టరు దగ్గరికి పోతున్నానని చెప్పాను.

"నేనూ తిరిగినా అట్ల. పోయినప్పుడల్లా అద్దాలు మార్చినారు. నొప్పి పోలే గానీ పెట్టె నిండా అద్దాలైనాయి," అని నవ్వింది.

ఈ డాక్టరు అట్లా కాదని, పేపర్లో చదివింది ఆమెకు చెప్పాను. ఇందు మొదట చాలా ఏళ్ళు కంటి ఆపరేషన్లు చేసింది. తలనొప్పి ఉన్నవాళ్ళంతా అద్దాల కోసం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. చూపు సరిగానే ఉందని పంపేస్తే, నెల తిరక్కుండా అదే నొప్పితో మళ్ళీ వచ్చేవాళ్ళు. కళ్ళు బాగుంటే మరి వీళ్ళ బాధేమిటన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. నలభై దాటాక మళ్ళీ విద్యార్థిగా చేరి కంటి నరాల చదువు చదివింది. తర్వాత తలనొప్పులకే ప్రత్యేకంగా వేరే ఊళ్ళో శిక్షణ తీసుకుంది. తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుందట. ఆ చోట నాకు మరీ మండింది. పెద్దతనంలో చదువుకోవడమన్న ఒక్క గొప్పా నాదనుకున్నాను. అందులోనూ ఆమె నాకంటే ముందే ఉంది.

వంటావిడ ఆసక్తిగా అడ్రసు అడిగింది. ఆమె మీ బంధువా అని అడగలేదు, నేనూ చెప్పలేదు.

తిరువాన్మియూరులో దిగేసరికి తొమ్మిది దాటింది. బయటికొచ్చి పెద్ద రోడ్డు మీద ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సెక్కాను. మెట్రో పనుల వల్ల బస్సు కదిలినంతసేపు కదిలి, ఆగినంతసేపు ఆగింది. ఎండ అద్దాల మేడల మీద పడి కళ్ళలో పొడుస్తుంటే కుడి కణత పట్టడం మొదలైంది. పక్కన మెళ్ళో ఆఫీసు కార్డు వేసుకున్న అమ్మాయి కూర్చుంది. గుంటూరు నుంచి వచ్చి ఉద్యోగం చేస్తోందట. ఆసుపత్రి ఎక్కడో ఆమెకు తెలుసు.

"ఆ మేడం లేకపోతే నేను ఉద్యోగం మానేసి ఇంటికెళ్ళిపోయేదాన్ని ఆంటీ. మీకు తెలుసా ఆవిడ?"

పేపర్లో చూశానని చెప్పి కిటికీ వైపు తిరిగాను.

పదికి షోళింగనల్లూరు కూడలిలో దిగాను. ఆసుపత్రి అక్కడి నుంచి నడిచేంత దూరం. పేరు రాయను, తలనొప్పి డాక్టరమ్మ అంటే ఆటోవాళ్ళు చూపిస్తారు. లోపలికి అడుగు పెట్టగానే నిలబడిపోయాను. హాలంతా మసక వెలుతురు. మాటలు మెల్లగా, టీవీ లేదు. సెంటు పూసుకుని రావద్దని అక్కడి అమ్మాయి అందరికీ చెబుతోంది. పిన్నికి నొప్పి వస్తే కిటికీకి గోనెపట్టా కట్టి, చుట్టుపక్కల పిల్లల్ని తరిమి నేను చేసిన చీకటి అది. ఇందు అదే చీకటిని స్విచ్చి నొక్కి చేస్తోంది, జనం దాని కోసం వరసలో కూర్చున్నారు.

పదకొండుంబావుకు నన్ను పిలిచారు. ఇందు లేచి నిలబడింది.

"అక్కా, నువ్వా? ఫోన్ చేసుంటే కారు పంపించుందును కదా."

రైలు బాగానే ఉందని చెప్పాను. గదిలో ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరమ్మ ఒకతె కూర్చుని ఉంది. గోడ మీద ఆ పేపరు ముక్క అద్దం కట్టించి తగిలించి ఉంది. నేను దాన్నే చూస్తుంటే ఇందు నవ్వింది.

"ఏం రాసినారో చదివి చెప్పక్కా. నాకు తెలుగు చదవను రాదు కదా. వచ్చినోళ్ళంతా బాగుందంటారు, సరి అని తగిలించినా."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇందు చదివింది తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేదే తప్ప తెలుగు అక్షరం ఎవరూ నేర్పలేదు. ఆ కుర్ర డాక్టరమ్మ ముందు నిలబడి, వేలు పెట్టుకుంటూ, నిదానంగా మొత్తం చదివాను. ఆ ఒక్క వాక్యం దగ్గర గొంతు కొంచెం పెంచాను కూడా.

ఇందు ముఖం మారింది. "కళ్ళారా చూసినానని రాసినారా? నేనెక్కడ చూసినా? బడిలో ఉంటిని. బడి నుంచి వస్తే నువ్వు తలుపేసుకుని అమ్మ దగ్గర ఉంటివి. నన్ను లోపలికి రానిస్తివా ఎప్పుడన్నా? నీ మీద ఎంత కుళ్ళు ఉండేదో నాకు. ఆ తలుపెనక ఏముందో చూడాలనే ఇంత చదివినానేమో."

ఇన్నేళ్ళుగా ఆ తలుపుకు లోపల ఉన్నందుకు నేను ఏడిస్తే, బయట ఉన్నందుకు ఆమె ఏడ్చింది.

తర్వాత ఆమె డాక్టరైపోయింది. నొప్పి ఎటువైపు, ఎంతసేపు, వాంతి వస్తుందా, వెలుతురు పడదా అని అడిగింది. గదిలో దీపాలు తగ్గించి కంట్లో చుక్కలు వేసే ముందు, తలలో పెద్ద జబ్బేదన్నా ఉంటే కంటి వెనక నరం చెబుతుందని, అందుకే ఇప్పటికీ కంటితోనే మొదలుపెడతానని చెప్పింది. నరం బాగుంది. చూపు బాగుంది. అద్దాలు సరిపోయాయి. తరగతి లేని రోజుల్లో చదివితే నొస్తుందా అని అడిగింది. ఆలోచించాను. ఆ వార్త చదివింది బుధవారం, పూటంతా చదివినా నొప్పి రాలేదు.

"శనివారం ఏం తింటావక్కా?"

"ఏం తింటాను, పెరుమాళ్ళకు ఒక్కపొద్దు కదా. పొద్దున కాఫీ, రాత్రి పలారం."

ఇందు పెన్ను కింద పెట్టింది. "అమ్మది కూడా అదే ఒక్కపొద్దు. శనివారం, కృత్తిక, ఏకాదశి, ఏదీ వదల్లేదు. ఉపవాసమే జబ్బని అనను. నొప్పి మన ఇంటి ఆడోళ్ళ ఒంట్లోనే ఉంది, కడుపు కాలితే లేస్తుంది. పుస్తకాలు మానొద్దు. పస్తులు మాను."

పుస్తకాలు మానొద్దన్న మాటకు ఆ చీకటి గదిలో నాకు ఏడుపొచ్చింది. ఆ నీళ్ళు చుక్కల వల్లేనని వాళ్ళు అనుకుని ఉంటారు. మాత్రలు రాసిచ్చి, నెల తర్వాత రమ్మంది. ఆపైన కుర్ర డాక్టరమ్మను బయటికి పంపించి, తగ్గిన గొంతుతో అడిగింది. "అమ్మకు ఎట్లుండేదో చెప్పక్కా. నాకు తెలీదు."

చెప్పకూడదనిపించింది ముందు. ఆమెకు లేనిది నా దగ్గర అదొక్కటే ఉంది. అయినా చెప్పాను. తడిగుడ్డ బిగించి కట్టించుకోవడం, ఇంటి దగ్గరి రైల్వే యార్డులో వ్యాగన్లు గుద్దుకున్న ప్రతిసారీ పళ్ళు కొరకడం, తగ్గాక కొంచెం చారన్నం అడగడం. ఇందు తల వంచుకుని విన్నది. ఒక్కటి మాత్రం చెప్పలేదు.

తన డబ్బాలో ఉన్న పులిహోర తినమంది. పెరుమాళ్ళ పేరు చెప్పి వద్దన్నాను. కారులో పంపిస్తానంది, దానికీ వద్దన్నాను. వాళ్ళిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని ఒంటిగంటకు బస్సెక్కాను.

తిరువాన్మియూరు స్టేషన్ బయట బండి దగ్గర ఆగాను. నా డబ్బుతో, నా ఇష్టంతో, శనివారం పట్టపగలు నిలబడి పెరుగన్నం తిన్నాను. దేవుడికి మనసులో చెప్పుకున్నాను. కణత వెంటనే తగ్గలేదు గానీ రైలు చింతాద్రిపేట దాటేసరికి పట్టు సడలింది. పక్కనున్నావిడ నల్లద్దాలు చూసి కంటి ఆపరేషనా అని తమిళంలో అడిగింది. కాదని, తలనొప్పికి చూపించుకున్నానని, ఆ డాక్టరు మా చెల్లెలని చెప్పాను. పొద్దుటి నుంచి ఆ మాట ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

వెళ్ళేవాళ్ళు శనివారం పొద్దున్నే వెళితే జనం తక్కువ. చుక్కలు వేస్తారు గనక సాయంత్రం దాకా చదవడానికి కుదరదు. ఏదైనా తిని బయలుదేరండి.

ఇక ఇందుకు చెప్పనిది. తలుపు వేసింది నేనే గానీ వెయ్యమన్నది పిన్ని. గుమ్మంలో ఇందు పుస్తకాల సంచీ చప్పుడైతే అంత నొప్పిలోనూ నా మణికట్టు పట్టుకుని, "పిల్లను రానియ్యొద్దే, నన్నిట్ల చూస్తే జడుసుకుంటుంది" అనేది. నేను పిల్లను కానా అని అప్పుడూ అనుకున్నాను, ఇవాళ రైల్లోనూ అనుకున్నాను. ఆ మాట వింటే ఇందు మనసు కుదుటపడుతుందని తెలిసీ నోరు మెదపలేదు. అది కూడా ఆమెకే ఇచ్చెయ్యాలా అనిపించింది.

నేను రాసిన ఈ ముక్క అచ్చయితే దీన్నీ అద్దం కట్టించి తగిలిస్తుందేమో. తగిలించినా, చదివి చెప్పవలసింది నేనే.