వంటగట్టు మీద దరువు

మా పక్కింటి సోమాలీ ఆంటీ పోయారని అమ్మ ఫోన్ చేసేసరికే ఖననం కూడా అయిపోయింది. వాళ్లలో ఆలస్యం చేయరు. ఆఫీస్‌కి సెలవు చెప్పి, నేను పెరిగిన కొలంబస్ ఊరికి డ్రైవ్ చేశాను.

ఆవిడ నన్ను "హోయో" అనేవారు. వాళ్ల భాషలో అమ్మ అని. మనం ఆడపిల్లల్ని "ఏమ్మా" అన్నట్టే. స్కూల్ నుంచి వచ్చాక ఆవిడ వంటింట్లోనే నా మకాం. ఏలకుల టీ, అందులో మా అమ్మ చూస్తే గుండె ఆగేంత పంచదార.

ఒకసారి పాత ఫొటో చూపించారు. వాళ్ల దేశ రాజధాని మొగదిషులో కాలేజీ అమ్మాయి. చీరలా చుట్టిన బట్ట, ఒక భుజం మీద ముడి, గాలికెగిరే జుట్టు.

"ఇది మీరా ఆంటీ!"

"ఏం, ఈ గుడారంతోనే పుట్టాననుకున్నావా?" అంటూ నిలువెల్లా కప్పిన నల్ల ముసుగు ఊపారు. "యుద్ధం వచ్చి శరణార్థుల శిబిరంలో పడ్డాం. కట్టెలకి వెళ్తే మగాళ్ల చూపులు. అప్పుడు కప్పుకున్నా. ఇప్పుడు తీస్తే చలేస్తుంది."

వాళ్ల పెళ్లిళ్లలో ఆడవాళ్లే కట్టి, డప్పు మీద ఆడవాళ్లే పాడే పాటలుంటాయి. తన తల్లి నేర్పిన అలాంటి పాట కూతురి పెళ్లిలో పాడాలన్నది ఆవిడ ఒకే ఒక్క కోరిక. శిబిరంలో పుట్టి, అక్కడి మతపాఠాలతో పెరిగిన కూతురు ఒప్పుకోలేదు. "పాటా డప్పూ హరామ్ అమ్మా, పాపం. నలుగురూ ఏమంటారు?"

"మా అమ్మ నమాజూ మానలేదు, పాటా మానలేదు," అన్నారు ఆంటీ. అంతే. పెళ్లి పాట లేకుండానే జరిగింది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ నన్నే కసిరారు. "దాన్నేం అనకు. నాకు ఒక ఊరుండేది. నా కూతురు పుట్టేసరికి దేవుడొక్కడే మిగిలాడు."

ఆ తర్వాత నేనెప్పుడు వెళ్లినా వంటగట్టు మీద వేళ్లతో దరువేస్తూ ఆ పాట నాకు పాడేవారు. "నీకు ముక్క అర్థం కాదుగా, పాపం అంటదులే," అని నవ్వేవారు. మళ్లీ మెల్లగా, "ఎవరి చెవిలోనైనా ఉండాలిగా, హోయో."

మొన్న ఆ ఇంటికి వెళ్తే ముందుగదిలో ఆడవాళ్లు ఖురాన్ చదువుతున్నారు. నేను అక్కా అని పిలిచే ఆంటీ కూతురు వంటింట్లో కప్పులు కడుగుతోంది.

"అమ్మ నీకు పాడేదట కదా," అంది తిరగకుండానే.

"మాటలు రావక్కా. దరువొక్కటే వచ్చు."

అక్క ఇంకో కప్పు అందుకుంది. "శిబిరంలో నన్ను ఆ పాటతోనే నిద్రపుచ్చేది."

ముందుగదిలోకి వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ నీళ్ల చప్పుడులో నేను గట్టు మీద వేళ్లతో దరువేశాను. అక్క కప్పు పట్టుకునే నిలబడింది, కళ్లు మూసుకుని. పెదాలు ఆ దరువుకే కదులుతున్నాయి.