ఇల్లుబండి వెనక లైట్లు

మా ఇల్లుబండిని వెనక నుంచి గుద్దబోయింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మోకాలికి దెబ్బ ఎట్లా తగిలిందని అమ్మ అడిగితే ఆఫీసు పార్కింగులో జారిపడ్డానన్నాను. డైరీలో కూడా ఆ రోజు "స్కూటీ అద్దం పగిలింది" అని మాత్రమే రాసుకున్నాను.

ఇల్లుబండి అంటే ఒక పాత స్కూలు వ్యాను. బాపు ముప్పై ఏళ్లకు పైగా వరంగల్‌లో జంపఖానాలు నేస్తున్నాడు. ఎగ్జిబిషన్లకని వేరే ఊళ్లకు పోయినప్పుడు స్టాలు ముందే, అమ్మకానికి తెచ్చిన జంపఖానా మీదే పడుకునేవాడు. అమ్మ వెంట పోతే వంటకూ స్నానానికీ ఇద్దరికీ తిప్పలే. అందుకని పోయిన ఏడాది ఆ వ్యాను కొని, సీట్లన్నీ పీకించి, ఒక మంచం, గ్యాసు పొయ్యి, బట్టలకు ఒక అర పెట్టించాడు. పర్దాలు తనే నేశాడు. ఆదివారాలు నేను ఆ మంచం మీద పడుకుని లైబ్రరీ పుస్తకాలు చదువుకునేదాన్ని. అక్కడికి ఎవరూ వచ్చి పలకరించరు.

వెనక తలుపుకు నిచ్చెన వచ్చింది. దాని పక్కన నీళ్ల డ్రమ్ముకు ఇనప చట్రం వచ్చింది. ఆ రెండింటి చాటున కంపెనీవాళ్లు కింద పెట్టిన లైట్లు దాగిపోయాయి. బండి ఎటు తిరుగుతుందో తెలియాలంటే వెనక వచ్చేవాళ్లు నిచ్చెన మెట్ల సందుల్లోంచి తొంగిచూడాలి.

మొదటి ప్రయాణం మేడారం జాతరకని అనుకున్నారు. జాతర రోజుల్లో ఆ దారిలో ఒక బండి మూతి ఇంకో బండి వీపుకు ఆనుకునే పోతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాళ్లు ముడుచుకుని ముందు సీట్లో ఎక్కువసేపు కూర్చోలేదు, మంచం మీదే పడుకుని పోవాలి. మంచం తలవైపు సరిగ్గా వెనక తలుపుకు ఆనుకుని ఉంది. బండికి వెనక నుంచి ఏది తగిలినా ముందు తగిలేది అమ్మకే.

"కొత్త లైట్లు పెట్టిద్దాం. ఎట్లుండాల్నో నువ్వే గియ్యి బిడ్డా" అన్నాడు బాపు.

పదో తరగతి నుంచి బాపు నేసే జంపఖానాలకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీసేది నేనే. నలుగురి ముందు నోరు విప్పలేని నాకు ఇంట్లో ఉన్న హోదా అదొక్కటే. రెండు రోజులు కూర్చుని గీశాను. నిచ్చెనకు అటు నాలుగు, ఇటు నాలుగు. పైనుంచి కిందికి ఎరుపు, నారింజ, మళ్లీ ఎరుపు, నారింజ. బ్రేకుకు ఎరుపు, తిరిగేటప్పుడు నారింజ. కాగితాన్ని గోడకు ఆనించి చూస్తే జంపఖానా అంచు దిగినట్టే ఉంది. బాపు చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మడికొండ దారిలో రేకుల షెడ్డులో బండ్ల కరెంటు పని చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు. నేను బాపు వెనక నిలబడ్డాను. ఉస్తాద్ కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఇది బండికి గీసినవా, షత్రంజీకి గీసినవా బిడ్డా?" జంపఖానాను ఆయన అట్లా అంటాడు.

"మేం నేసెటోళ్లం గద ఉస్తాద్, మా చేతికి గిట్లనే వస్తది" అన్నాడు బాపు.

"నాకేంది, గీసినట్టు పెడ్త."

పెట్టాడు. కొత్త ఎల్‌ఈడీలు కరెంటు తక్కువ తాగుతాయి కాబట్టి పాత ఫ్లాషరు వాటిని గుర్తుపట్టక దడదడ కొట్టింది. సిగ్నల్‌ను వెలిగించి ఆర్పే ఆ చిన్న డబ్బాను మార్చాక లైట్లు నింపాదిగా వెలిగి ఆరడం మొదలుపెట్టాయి. ఆ సాయంత్రం మా వాడ వాడంతా వచ్చి చూసింది. "జాతర మన గల్లీకే వచ్చినట్టున్నదే" అంది పక్కింటి పెద్దమ్మ. గీసింది మా బిడ్డే అని బాపు ఒక్కొక్కరికి చెబుతుంటే నేను లోపలికి పోయి తలుపు సందులోంచి విన్నాను.

మూడు రోజుల తరువాత ఆఫీసు నుంచి వస్తుంటే పొద్దుగూకే వేళ మా బండి నా ముందే పోతోంది. బాపు దాన్ని ఏదో పనికి తీశాడు. పక్కకు పోయి పలకరించకుండా నా లైట్లను చూసుకోవాలని వెనకనే పోయాను. ఇంకా బాగా చూడాలని ఇంకొంచెం దగ్గరికి పోయాను. బాపు బ్రేకు వేశాడు. ఎరుపంతా ఒక్కసారి భగ్గుమంది. మధ్యలో ఏదో మినుకుమినుకుమంటోంది, అందంగా ఉంది అనుకున్నాను. అంతలో బండి ఎడమకు, టైర్ల దుకాణంలోకి తిరిగింది.

బ్రేకు గట్టిగా పట్టేసరికి స్కూటీ పక్కకు పడి జారింది. నిచ్చెనకు మూరెడు దూరంలో ఆగింది. గాలి మిషను మోతలో బాపుకు ఏమీ వినపడలేదు; దిగి అటువైపు నుంచి దుకాణంలోకి పోయాడు, వెనక్కి చూడనేలేదు. నేను బండి లేపుకుని, ఆయన బయటికి రాకముందే అక్కడి నుంచి వచ్చేశాను.

మోకాలి మంటకంటే ఒక ఆలోచన ఎక్కువ బాధించింది. ఏ బల్బు ఎక్కడ ఉందో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను. నాకే అర్థం కాలేదు. మేడారం దారిలో ములుగు దాటాక వచ్చే లారీవాడికి ఏం అర్థమవుతుంది?

అయినా నాలుగు రోజులు చెప్పలేకపోయాను. బాపు ఆ లైట్లను రోజూ గుడ్డతో తుడుస్తున్నాడు. జాతరకు ఇంకో వారమే ఉంది.

ఐదో రోజు పొద్దున ఆయన మగ్గం మీద ఉన్నాడు. ఎరుపు అయిపోయి నారింజ ఎక్కించే ముందు నల్ల పోగు చుట్టిన నాడె తీసి అటూ ఇటూ విసురుతూ నాలుగు వరసలు కొట్టాడు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నా గ్రాఫ్ కాగితాల మీద ఆ నలుపు ఎప్పుడూ ఉండదు. అది గీయనవసరం లేదు, ఆయన చేయి దానంతట అదే వేసుకుంటుంది.

"అక్కడ నలుపు ఎందుకు బాపూ?"

"పక్కపక్కన పెడ్తె దూరంకెళ్లి చూసెటోనికి రెండు రంగులు ఒక్కటే అయితయి. నడుమ నలుపు పడ్తె దేనిది దానికే కనవడ్తది" అన్నాడు, చేయి ఆపకుండా.

"మన బండికి నలుపు వెయ్యలేదు" అన్నాను.

మగ్గం ఆగింది. ఆయన నా వైపు తిరిగి, "బండికేమైంది, బాగనే ఉన్నది గద" అన్నాడు. "ఒక్కసారి దూరం నుంచి చూడు" అన్నాను.

వాడ చివర ఖాళీ జాగాలోకి బండి తీసుకుపోయాం. అమ్మను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు తొక్కిపట్టి, ఎటు ఇష్టమైతే అటు సిగ్నల్ వేయమన్నాను. బాపును రెండు వందల అడుగులు వెనక్కి నడిపించాను. ఎండ అప్పటికే బాగా ఎక్కింది. ఆయన కళ్లకు చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎటు తిరుగుతాంది?" అని అడిగాను.

"ఎటు తిరుగుత లేదు. ఆగింది."

"నేను ఎడమకు ఏసి ఎంతసేపాయె" అని కిటికీలోంచి అమ్మ కేకేసింది. "ముప్పై ఏండ్లు రంగులు నేసినవు. కండ్లద్దాలు పెట్టుకొని రాపో."

"జర ఆగు. మల్ల ఎయ్యి."

మళ్లీ వేసింది. ఈసారి ఆయన కుడి అన్నాడు. అదీ తప్పే. మూడోసారి అడగకుండా బండి దాకా నడిచివచ్చి, నిచ్చెన పట్టుకుని వెనక అద్దంలోంచి లోపలికి చూశాడు. లోపల తలుపుకు ఆనుకుని ఉన్న అమ్మ దిండు అక్కడి నుంచి కనిపిస్తుంది.

"మంచిగ గీసినవనుకున్న" అన్నాడు చివరికి. కోపం లేదు. ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటే నా ముఖం వేడెక్కుతుంది. "పో. మల్ల గీసి ఉస్తాద్ దగ్గరికి నువ్వే పో. నాకు మగ్గం పనున్నది."

ఈసారి ఇల్లుబండిని నేనే నడుపుకుంటూ ఒంటరిగా పోయాను. షెడ్డు బయట పది నిమిషాలు ఫోను చూస్తున్నట్టు నటించి, లోపలికి వెళ్లాను. ఈ కాగితంలో అందం ఏమీ లేదు. రెండు పెద్ద నారింజ లైట్లు, చెరో చివరన, మనిషి ఛాతీ ఎత్తులో. వాటి చుట్టూ జానెడు వెడల్పున నల్ల పలక. బ్రేకు ఎరుపు లోపలి వైపు, ఆ నలుపుకు ఇవతల. తలుపు పైన నడుమ ఇంకో ఎరుపు.

"మొన్ననే పెడ్తిమి గద, మల్ల ఏమొచ్చె?" అన్నాడు ఉస్తాద్.

"తప్పు గీసిన" అన్నాను. అంతటితో ఆగలేదు. బ్రేకు తొక్కినప్పుడు ఎరుపు నారింజను మింగేస్తుందని, రెంటి మధ్య చీకటి ఉండాలని, మెరిసే రంగు వద్దు, మెరవని నలుపే వేయాలని, ఎండ పడినప్పుడు కూడా కనిపించాలంటే లైటు మీద చిన్న రేకు చూరు ఉండాలని చెప్పాను. ఒక పరాయి మనిషితో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వింటూ, మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

"చూరు సంగతి నాకు తట్టకపాయె" అన్నాడు. తరువాత తన దగ్గర పనిచేసే ఆయనను పిలిచి, "ఈ అమ్మ చెప్పినట్టు కొయ్యి, నన్ను అడగకు" అన్నాడు.

సాయంత్రం దాకా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. పాత రంధ్రాలను రేకుతో మూసి రంగు వేస్తుంటే అంచు డిజైన్ ఒక్కో లైటు చొప్పున పోయింది. బాధ కలగకపోవడం నాకే ఆశ్చర్యమనిపించింది. ఇంటికి తెచ్చాక మా వాడలో ఎవరూ చూడటానికి రాలేదు. చూడటానికి అందులో ఏమీ లేదు. బాపు మాత్రం అమ్మను మళ్లీ సీట్లో కూర్చోబెట్టి, నన్ను అడగకుండానే ఖాళీ జాగా చివరి గోడ దాకా నడిచాడు. అమ్మ ఆరుసార్లు వేసింది. ఆరుసార్లూ సరిగ్గా చెప్పాడు.

జాతరకు పోయే రోజు తెల్లవారాక కూడా మంచు విడవలేదు. ములుగు రోడ్డులో ఊరు దాటేదాకా నేను స్కూటీ మీద వెనక పోయాను. మొదట దగ్గరగా, తరువాత దూరంగా, ఆ తరువాత ఇంకా దూరంగా. బండి ఆకారం మంచులో కలిసిపోయింది. నిచ్చెన పోయింది, డ్రమ్ము పోయింది, పర్దాలు పోయాయి. ఎడమ చివరన ఒక్క నారింజ దీపం నింపాదిగా వెలిగి ఆరుతోంది. బాపు చాయ్ హోటల్ దగ్గర పక్కకు ఆపుతున్నాడు. ఆ సంగతి నాకు ఎంతో ముందే తెలిసిపోయింది. నా వెనక ఉన్న లారీవాడికి కూడా తెలిసింది, అతను హారన్ కొట్టకుండా వేగం తగ్గించి పక్క నుంచి పోయాడు. హెల్మెట్ లోపల నేను నవ్వుతున్నాను.

నేను పోయి పక్కన ఆగేసరికి అమ్మ అప్పటికే పడుకుంది. బాపు కిటికీ దించాడు.

"ఎక్కడికెళ్లి కనవడ్డది?"

"పెట్రోల్ బంకు కాడికెళ్లే."

వెనక్కి తిరిగి బంకు ఎక్కడుందో చూశాడు. మంచులో అది కనిపించడం లేదు. గేరు వేసుకున్నాడు.

"ఇగ నువ్వు ఇంటికి పో బిడ్డా. వెనక ఎవ్వలొచ్చినా నాకు ఫికర్ లేదు."