మూడు రోజుల్లో అయిపోద్దన్నాను

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో మిరప గింజలా ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా టీ బంకు దగ్గర నన్ను ఫారిన్ రిటర్న్ అంటారు. ఒక నియంత ఏలే దేశంలో నాలుగేళ్లు వాడి ప్యాలెస్ కార్లు నడిపానని, వాడు మీసానికి రంగేసుకోవడం కళ్లారా చూశానని చెప్పుకున్నాను. ఒక్కోసారి చెప్పేటప్పుడు ఆ రంగు డబ్బా తెచ్చిచ్చింది కూడా నేనే.

ఏడేళ్ల కిందట ఒక పొద్దున, వాణ్ణి దించడానికి అగ్రరాజ్యం సైన్యాన్ని పంపుతోందని పేపర్లో వచ్చింది. పంపాల్సిందే అన్నాను. సొంత జనాన్నే చంపించేవాణ్ణి ఎవరో ఒకరు పీకెయ్యాలి కదా?

రిటైరైన మాస్టారు ఒప్పుకోలేదు. "బాంబుకి నియంతెవడో కూలోడెవడో తెలుస్తుందేమయ్యా?"

"ఎందుకు తెలవదు మాస్టారూ? మీరు పేపర్లో చూశారు, నేను అక్కడుండి చూశా!"

అందరూ నవ్వారు. గెలిచాను.

అప్పుడే ఎదురు కల్లంలో మిర్చికి తొడిమలు తీస్తున్న మరియమ్మ పరుగున వచ్చింది. చేతి ఘాటు అంటకుండా ఫోన్‌ని కొంగుతో పట్టుకుంది. ఆమె భర్త పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పని మానేసి, ఆ దేశానికే తాపీపనికి వెళ్లాడు.

"అన్నయ్యా, కంపెనీవోళ్లు రేపు ఇంటికి పంపిస్తామంటున్నారంట. రమ్మననా? మీకు తెలిసిన దేశం గదా!"

మాస్టారు నా వైపే చూస్తున్నారు. రమ్మనమంటే ఓడిపోతాను.

"ఎందుకమ్మా? వాళ్లు కొట్టేది ఆ ఒక్కణ్ణే. మూడు రోజుల్లో అయిపోద్ది. ఉండమను."

ఫోన్లోంచి ఆమె భర్త గొంతు వినిపించింది. "అన్న చెప్పాడంటే సరేలేవే."

నియంత మూడో రోజే పోయాడు. మరియమ్మ భర్త ఐదో రోజు పోయాడు, కూలీల షెడ్డు మీద బాంబు పడి.

నేను ఆ దేశం చూడనే లేదు. ఏజెంటు మోసం చేస్తే, ఊరికి రావడానికి మొహం చెల్లక ముంబైలో నాలుగేళ్లు లారీలు కడిగాను.

ఆ నియంత పోవాల్సినవాడేనా? అవుననే ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ వాడి చుట్టుపక్కల ఎవరు నిద్రపోతున్నారో తెలియకుండా, ఇంత దూరాన టీ తాగుతూ, బాంబులు వేయమని చెప్పడానికి నేనెవణ్ణి? ఆ రోజు నేను అడిగింది ఆ జనం విడుదలా, మాస్టారి మీద గెలుపా?

మరియమ్మ ప్రతి క్రిస్మస్‌కీ కేకు తెస్తుంది. "ఆఖర్లో ఆయనకి ధైర్యం చెప్పింది మీరే అన్నయ్యా" అంటుంది. నేను తింటాను.

మొన్న పేపర్లో మళ్లీ ఇంకో నియంత, మళ్లీ అదే అగ్రరాజ్యం. సైన్యం వెళ్లాలా వద్దా చెప్పమని బంకు దగ్గర అడిగారు. "నాకు తెలవదు" అన్నాను. జోకనుకుని నవ్వారు.

మరియమ్మకి ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. ఇది రాశాక గ్లాసుడు మంచినీళ్లు తాగాను. దిగాయి.