వేరుశనగ వెన్న, వడ్ల కాటా

సన్నబడడానికి డబ్బు కట్టి మరీ పరుగెత్తే ఈ కాలం వాళ్ళు నమ్మరు గానీ, నాకు ఇరవై ఏళ్ళప్పుడు సన్నగా ఉండడమనేది ఆరోగ్యం లెక్కలోకి వచ్చేది కాదు, ఇంటి పరువు లెక్కలోకి వచ్చేది. మొవ్వకి రెండు మైళ్ళ దూరంలో, ఎటు చూసినా వరి తప్ప మరొకటి కనపడని మా ఊళ్ళో ఒక రైతు కొడుకు ఎముకలు కనిపించేలా తిరిగితే, చూసినవాళ్ళు వాణ్ణి ఏమీ అనరు. వాళ్ళ అమ్మ వైపు చూస్తారు. బందరు కాలేజీలో బి.ఏ. ముగించుకుని నేను ఇంటికి తెచ్చినవి రెండే: ఒక పట్టా, దాన్ని పట్టుకోవడానికి సరిపోయేంత శరీరం. సరిగ్గా ఆ సమయంలో పేపర్లో ఒక సర్కారు ఉద్యోగం ప్రకటన పడింది. (ఏ శాఖో చెప్పను. ఇప్పటికీ పెన్షన్ ఇస్తోంది పాపం.) చదువు సరిపోయింది, ఎత్తు సరిపోయింది, ఛాతీ కొంచెం ఊపిరి బిగబడితే సరిపోయింది. చివరి వరసలో మాత్రం 'బరువు నూట పది పౌన్లకు తగ్గరాదు' అని ఉంది. నెల తర్వాత బందరు ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష. అది తప్పితే నాకు మిగిలేది గుడివాడలో మావయ్య ఎరువుల కొట్టు. అక్కడ కూర్చున్నవాడికి ఆదివారం కూడా వాసన వదలదు.

మా ఊళ్ళో బరువంటే ఒక్కటే చోటు, రైసు మిల్లు కాటా. వడ్ల బస్తాలు, ఏడాది నిండిన పిల్లలు, పందెం కాసిన గుమ్మడికాయలు అన్నీ దాని మీదే ఎక్కేవి. దాని దగ్గర కూర్చునే గుమాస్తా మా నాన్నకి వరసకి తమ్ముడు. అసలు పేరు ఊరు మరిచిపోయి అందరూ ఆయన్ని కాటా బాబాయి అనేవారు. నన్ను పైకెక్కించి, కడ్డీ మీది గుండుని అటో నెట్టు ఇటో నెట్టు నెట్టి, ముక్కుమీద కళ్ళజోడు సర్దుకుని, "నూట మూడు" అన్నాడు.

"సరిగా చూడు బాబాయ్."

"చూశాలేరా. అయినా నీ అదృష్టం. వడ్లయితే తేమ ఉందని ఇంకో రెండు తీసేసేవాణ్ణి."

ఏడు పౌన్లు తక్కువ. ఆ మాట వినగానే అమ్మ నెయ్యి గిన్నె నా ముందు పెట్టింది. కానీ నేను చదువుకున్నవాణ్ణి కదా, నెయ్యి మీద నమ్మకం లేదు. కాలేజీ రీడింగ్ రూములో పాత అమెరికా పత్రికలు కట్టలుగా పడి ఉండేవి. వాటిలో ఒక బొమ్మ నాకు గుర్తుండిపోయింది: బూరెల్లాంటి బుగ్గల కుర్రాడొకడు రొట్టె మీద గోధుమరంగు ముద్దేదో పూసుకుంటున్నాడు. కింద, అది వేరుశనగ గుళ్ళతో చేసే వెన్న అనీ, అక్కడి పిల్లలు దాంతోనే పుష్టిగా ఉంటారనీ రాశారు. తయారీ రెండే ముక్కలు: వేయించండి, వెన్నలా అయ్యేదాకా రుబ్బండి. ఎంతసేపు రుబ్బాలో రాయలేదు. అమెరికావాళ్ళకి మిషన్లుంటాయని నాకప్పటికి తట్టలేదు.

మర్నాడే పామర్రు వెళ్ళి రెండు వీశెల గుళ్ళూ, ఒక రొట్టే తెచ్చాను. గుళ్ళని ఎవరూ పట్టించుకోలేదు గానీ రొట్టె మాత్రం వీధంతా చూసింది. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లోకి రొట్టె వచ్చిందంటే ఎవరికో జ్వరం వచ్చినట్టే. సాయంత్రానికల్లా నలుగురు పరామర్శకి వచ్చారు. నేను ఎదురుగా నిలబడి బాగానే ఉన్నానని చెబితే, "ఎంత ధైర్యమో చూడు బిడ్డకి" అన్నారు.

వంటింటి పెత్తనం నాయనమ్మది. విషయం విని ఆవిడ ఒక్క ప్రశ్నే వేసింది: "పాలు లేకుండా వెన్నేవిట్రా?" ఆ తర్వాత ఇక వద్దనలేదు. నాకు ఉద్యోగం రావాలని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పట్టుదల ఆవిడకే. (ఎరువుల కొట్టు మావయ్య అమ్మ తరఫు.) ఇసుక మూకుట్లో వేసి గుళ్ళు దోరగా వేయించింది. చేటలో పోసి నలిపి చెరిగితే పొట్టు ఇల్లంతా ఎగిరి, తలకి నూనె రాసుకుని అరుగు మీద కూర్చున్న మా నాన్న నెత్తిన సగం వాలింది. ఆయన పేపరు దించకుండానే, "వెన్న అయిందా?" అన్నారు.

కాలేదు. వేరుశనగ గుళ్ళ నుంచి వెన్నదాకా వెళ్ళే దారి పామర్రు బస్సులాంటిదని నాకు ఆ వారంలో తెలిసింది. అది చివరిదాకా వెళుతుందని తెలిసినా, మావాళ్ళు దారిలో తెలిసిన ఊరు కనపడితే చాలు దిగిపోతామంటారు. వేయించిన గుళ్ళు పళ్ళెంలో చల్లారుతుండగానే పావు వంతు పోయాయి. మిగిలినవి రోట్లో వేసి దంచుతుంటే, పొడి అవగానే అమ్మ, "ఇంత మంచి పొడిని పాడుచేసుకుంటావేంట్రా, నాలుగు ఎండుమిరపకాయలూ రెండు వెల్లుల్లి రెబ్బలూ వెయ్యనా?" అని బతిమాలింది. అది దాటించి రుబ్బురోల్లో వేస్తే, పొడి కాస్త ముద్దకట్టగానే నాయనమ్మ బెల్లం గడ్డతో ప్రత్యక్షమైంది. "ఉండలు చుట్టేద్దాంరా, నాలుగు రోజులుంటాయి" అంది. వీళ్ళందర్నీ కాచుకుంటూ నేను పొత్రం తిప్పుతుంటే, ఒక్క క్షణం చెయ్యి మార్చుకున్నానో లేదో, చెంబులో నీళ్ళు చిలకరించేసింది.

"నాయనమ్మా! నీళ్ళెందుకు?"

"రోలు పొడిగా తిప్పుతారేంట్రా ఎవరైనా? రాయి అరిగి నీ కడుపులోకే పోద్ది!"

యాభై ఏళ్ళుగా ఆవిడ ఇడ్లీకీ గారెకీ పచ్చడికీ రోల్లో నీళ్ళు చిలకరిస్తూనే ఉంది. అది ఆవిడ మనసు చేసే పని కాదు, చెయ్యి చేసే పని. నీళ్ళు తగిలిన మరుక్షణం నా వెన్న బిగుసుకుపోయి, గోడకి మెత్తే మట్టిలా తయారైంది. మధ్యాహ్నానికి అది పచ్చడైంది, రాత్రికి పులిసింది, తెల్లారి గేదె కుడితిలో కలిసింది. ఆ పూట గేదె సోలెడు పాలు ఎక్కువిచ్చిందని నాయనమ్మ ఇరుగుపొరుగుకి చెప్పింది. మొత్తానికి ఆ వెన్నతో మా ఇంట్లో ఒకరికి పుష్టి పట్టింది.

రెండో వీశె నేనే ఒంటరిగా రుబ్బాను. నీళ్ళ చెంబు అటక మీద పెట్టించాను. నాయనమ్మ చేతులు ఊరికే ఉండలేవు కనుక విసనకర్ర ఇచ్చి కూర్చోబెట్టాను. అరగంటకి పొడి ముద్దయింది. ముప్పావుకి ముద్ద మొండికేసింది. నా చొక్కా తడిసింది, భుజాలు పడిపోయాయి, వేయించిన వాసన మాత్రం వీధి చివరిదాకా వెళ్ళింది. ఇక వదిలేద్దామనుకుంటుండగా, పొత్రం కింద ఏదో జారినట్టయింది. ఒక మెరుపు. ఇంకో నాలుగు తిప్పులకి ఆ మొండి ముద్ద తనంతట తనే మెత్తబడి, నిగనిగలాడుతూ, పొత్రం చుట్టూ నెమ్మదిగా పారడం మొదలెట్టింది.

"నూనొచ్చింది! నూనొచ్చిందర్రా!" నాయనమ్మ విసనకర్ర విసిరేసి లేచింది. "గానుగా లేదు, ఎద్దూ లేదు! నా మనవడు నూనె దించాడు!" (ఎద్దు సంగతి నేను పట్టించుకోలేదు.) అమ్మ పరుగెత్తుకొచ్చింది, పొరుగింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు, నాన్న కూడా పేపరు మడిచి లోపలికి వచ్చారు. నాయనమ్మ వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. పళ్ళు లేని నోరు, అంగిట్లో అతుక్కుపోయింది. రెండు నిమిషాలు ఆవిడ మాట్లాడలేకపోయింది. ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం అదివరకెన్నడూ ఎరగని మా నాన్న, "ఇది రోజూ చెయ్యరా" అన్నారు.

చేశాను. దాన్ని జాడీకెత్తడంతో అది ఆవకాయ చట్టం కిందికి వచ్చింది: పైన వాసెన గుడ్డ, మూడో రోజు తిరగకలపడం, తడి చేతులవాళ్ళకి ప్రవేశం లేదు. పొద్దున రొట్టెతో, రొట్టె అయిపోయాక దిబ్బరొట్టెతో, రాత్రి ఉత్త చెంచాతో తిన్నాను. ప్రతి ఆదివారం కాటా ఎక్కేవాణ్ణి. నూట మూడున్నర. నూట నాలుగు. చివరి ఆదివారం, నూట అయిదు. తిన్నదాంట్లో సగం రుబ్బడానికే ఖర్చవుతోందని నాకు అనుమానం. "ఇంకా అయిదు తక్కువరా అబ్బాయ్" అన్నాడు కాటా బాబాయి జాలిగా, నేను తెచ్చిన వెన్న ఉండ చప్పరిస్తూ.

పరీక్ష రోజు నాన్న తోడొచ్చారు. దారిలో డజను అరటిపళ్ళ అత్తం కొని, "తిను, లోపల ఉన్నంతసేపూ అదీ నీ బరువే" అన్నారు. నాకు ఒక్కటీ దిగలేదు. నాకు అప్పటికే ఎరువుల వాసన వస్తోంది. ఆస్పత్రిలో డాక్టరు గారు నన్ను మిషనెక్కించి, ముల్లు చూసి, కాగితం మీద రాస్తూ, "నూట పన్నెండు. దిగవయ్యా" అన్నారు.

నేను దిగలేదు. "కాదండీ, నూట అయిదు."

ఆయన కలం ఆపి తలెత్తారు. "ఏవిటీ?"

"మా ఊళ్ళో తూచారండీ. మొన్న ఆదివారమే."

"ఇన్నేళ్ళ సర్వీసులో బరువు పెంచి రాయమన్నవాళ్ళని చూశాను గానీ, తగ్గించమన్నవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా. ఉద్యోగం కావాలా, వద్దా?"

కావాలన్నాను. దిగాను. బయట నాన్నకి చెబితే నడివీధిలో నన్ను కావలించుకున్నారు. బస్సెక్కాక పక్క సీటతనికీ, వెనక సీటతనికీ, కండక్టరుకీ వేరుశనగ వెన్న చేసే విధానం చెప్పారు. తర్వాత ఉన్నట్టుండి వేళ్ళు మడవడం మొదలెట్టారు. పామర్రులో దిగి ఊరి బస్సు మారేదాకా ఏదో లెక్క వేసుకుంటూ ఉన్నారు. చివరికి నెమ్మదిగా అన్నారు: "ఒరేయ్, అక్కడ నూట అయిదు, ఇక్కడ నూట పన్నెండు. అంటే నువ్వు మొదటి రోజే నూట పది ఉన్నావు."

"అవును నాన్నా." నెల రోజుల రుబ్బుడు నా భుజాల్లో కలుక్కుమంది.

"నీలాంటి పుల్లలోనే ఏడు పౌన్లు మింగిన కాటా, నా బస్తాల్లో ఎంత మింగిందిరా?"

బస్సు దిగి నేరుగా మిల్లుకే నడిచారు. కాటా బాబాయి అన్నగారి ముఖం చూసి లేచి నిలబడ్డాడు. "అన్నయ్యా, అది వడ్ల కాటా. మనుషుల్ని తూచమని నేనేవన్నా అడిగానా?" అన్నాడు. కాటా తప్పని మాత్రం ఒప్పుకోలేదు. కానీ ఆ ఏడాది కోతల తర్వాత మా రైతులు కొత్త ఆనవాయితీ పెట్టారు. బస్తా ఎక్కించే ముందు నన్ను ఎక్కించేవారు. "మావాడు నూట పన్నెండు. సర్కారు డాక్టరు రాసిచ్చాడు. ముందు వాణ్ణి తూచు" అనేవారు నాన్న. నా లెక్క సరిగా పలికేదాకా బాబాయి చెమటలు కక్కుకుంటూ కాటా సర్దేవాడు. బక్కవాడని జాలిపడిన ఊరికే నేను తూకపు రాయినయ్యాను. ఉద్యోగంలో చేరాక కూడా ప్రతి ఏటా నాన్న నుంచి కార్డు వచ్చేది: 'కోతలయ్యాయి. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి కాటా ఎక్కి వెళ్ళవలెను. ఈలోగా ఒళ్ళు చేయవద్దు.' వెళ్ళే ముందు వారం వేరుశనగ వెన్న ముట్టుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు అదే వెన్న గాజు సీసాల్లో కొట్లకి వస్తోంది. నేను దానివైపు చూడకూడదని మా డాక్టరు గారు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. పొద్దున్నే స్నానాల గదిలో మిషనెక్కుతాను. దానికి నాతో ఏ వరసా లేదు, మొహమాటమూ లేదు, ఉన్నదున్నట్టు చూపించేస్తుంది. అలాంటప్పుడు కళ్ళు మూసుకుని, ముక్కు మీద కళ్ళజోడుతో జాలిగా చూసే కాటా బాబాయిని తలుచుకుంటాను. ఇప్పుడు గనక ఆయన ఎదురైతే మాత్రం, ఏడు కాదు, తేమకి మరో రెండు కూడా తీసేయమని నేనే అడుగుతాను.