సెన్యోరా మళ్ళీ అడుగుతుందనుకున్నాను

నా జీవితంలో మొట్టమొదటి అసలైన ఉద్యోగం నాకు ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాల బల్ల దగ్గర దొరికింది. బల్ల మీద ప్లేట్లు తీసేలోపే దాన్ని పోగొట్టుకున్నాను. ఎవరూ లాక్కోలేదు. చక్కగా చిరునవ్వు నవ్వి నేనే వద్దన్నాను. అంత ఘనకార్యం ఎలా చేయగలిగానో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కాకపోతే తెలుగింట్లో పెరిగినవాళ్ళు కాస్త మెల్లగా నవ్వండి, రేపు మీకూ జరగొచ్చు.

మాది కాకినాడ. మా ఇంట్లో పిల్లలకి నడక వచ్చాక నేర్పే మొదటి విద్య మొహమాటం. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు వాళ్ళు పళ్ళెంలో సున్నుండలు పెట్టి తెస్తే, కళ్ళు వాటి మీదే ఉన్నా సరే, నోరు మాత్రం "వద్దండీ" అనాలి. వాళ్ళు మళ్ళీ అడుగుతారు. "ఇప్పుడే తినొచ్చామండీ" అనాలి. అప్పుడు వాళ్ళు కోప్పడుతున్నట్టు మొహం పెట్టి చేతిలో పెట్టేస్తారు. మనం చాలా కష్టపడి తింటున్నట్టు తినాలి. ఇందులో అబద్ధమేమీ లేదు. తినబోతున్నామని వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు, సున్నుండకీ తెలుసు. మొదటిసారే చెయ్యి చాపిన పిల్లని మాత్రం ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఈ విద్యలో నాకు ఊళ్ళో పోటీ లేదు. అసలే మాటలు తక్కువ. మనుషులతో మాట్లాడాల్సిన మాటలన్నీ డైరీతో మాట్లాడి, మిగిలిన టైమంతా పుస్తకాల్లో దూరి ఉండేదాన్ని. అలాంటిదాన్ని 2010లో మాస్టర్స్ అంటూ న్యూకాసిల్‌లో దిగబెట్టారు. చదువు బాగానే అయిపోయింది, ఎందుకంటే పరీక్ష పేపర్‌తో మాట్లాడక్కర్లేదు. ఉద్యోగం వేటలోనే వచ్చింది చిక్కు. ఇంటర్వ్యూలో "మీ గొప్పతనం ఏమిటో చెప్పండి" అనేవారు. నా గొప్పతనం నేను చెప్పుకోవడమా? "పెద్దగా ఏమీ లేదండీ" అనేదాన్ని. వాళ్ళు రాసుకునేవారు.

ఇంట్లో నాన్న గడువు పెట్టేశారు. క్రిస్మస్ లోపల ఉద్యోగం వస్తే సరే, లేకపోతే వచ్చెయ్యమన్నారు. మా ఊరి కాలేజీలో తెలిసినాయనతో మాట్లాడి పెట్టారట. నాకు రావాలని లేదు. ఇక్కడి వాన, ఇక్కడి లైబ్రరీ, నన్నెవరూ పట్టించుకోని ఇక్కడి బస్సులు నాకు ప్రాణమైపోయాయి. ఆ మాటైనా నాన్నతో అన్నానా? "మీ ఇష్టం నాన్నా" అన్నాను.

స్పానిష్ ఎలా వచ్చిందంటే, రేడియేటర్ వల్ల. మా ఫ్లాట్‌లో హీటింగ్ ఉండీ లేనట్టే. లైబ్రరీ మేడ మీది గదిలో మాత్రం పెద్ద రేడియేటర్ ఉండేది. సాయంత్రాలు ఆ గదిలో స్పానిష్ క్లాసు జరిగేది, ఉచితం. వెచ్చదనం కోసం వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. నెల తిరిగేసరికి ఇంట్లో పప్పు కలుపుతూ స్పానిష్ క్రియలు వల్లిస్తున్నాను. పుస్తకాల పురుగుకి కొత్త భాష దొరకడమంటే ఎలుకకి ధాన్యం కొట్టు దొరకడమే.

క్లాసు చెప్పేది సెన్యోరా పిలార్, అంటే పిలార్ అమ్మగారు. అరవై దాటినావిడ. స్పెయిన్‌లో ఏదో పల్లె నుంచి ఇక్కడి రాన్ అనే ఆయన్ని చేసుకుని వచ్చి, ఈ ఊళ్ళోనే స్థిరపడిపోయింది. భార్యాభర్తలిద్దరూ ఇంటి ముందుగదిలోనే చిన్న ఆఫీసు నడిపేవారు. సెలవులకి స్పెయిన్ వెళ్ళే ఇక్కడివాళ్ళకి అక్కడ ఇళ్ళు అద్దెకి కుదిర్చిపెట్టడం వాళ్ళ పని. నన్ను ఆవిడ "ఇహా" అని పిలిచేది, అమ్మాయీ అన్నట్టు. నేను నోరు తెరిస్తే వ్యాకరణం ముత్యాల్లా రాలుతుందని ఆవిడ సంతోషం. నోరు తెరిపించడమే కష్టమని ఆవిడ బాధ.

నవంబరులో ఒక ఆదివారం భోజనానికి రమ్మంది. నాకోసమని మాంసం లేకుండా, పెద్ద పెనంలో కుంకుమపువ్వు వేసి కూరగాయల అన్నం చేసింది. అడుగంటిన భాగం కరకరలాడుతూ, అబ్బ, ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. పెట్టింది పెట్టినట్టే అయిపోయింది. ఇంకొంచెం వడ్డించనా అని ఆవిడ గరిటె ఎత్తింది.

"నో, నో, గ్రాసియాస్" అన్నాను, వద్దులెండి థాంక్స్ అని, సిగ్గుపడుతూ, ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి. వేళ్ళ మధ్య సందులు మాత్రం బాగానే వదిలాను.

గరిటె గాల్లో మలుపు తిరిగి రాన్ ప్లేట్లో వాలింది. ఆయన మొత్తం ఊడ్చేశాడు. కొంచెం బుర్ర ఉన్న మనిషికి ఆ గరిటె పాఠం చాలు. నాకు చాలలేదు. పాపం ఆవిడకి మర్యాద తెలియదు కాబోలని మనసులోనే క్షమించేశాను.

కాఫీ పోస్తూ సెన్యోరా అసలు విషయం ఎత్తింది. తమకి వయసు మీద పడుతోంది, స్పెయిన్ నుంచి ఇళ్ళ యజమానులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, నమ్మకమైన మనిషి ఒకరు కావాలి అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు మా దగ్గర పని చేస్తావా, ఇహా?"

నా గుండె ఆ బల్ల ఎక్కి గంతులేసింది. నాన్న గడువు, లైబ్రరీ, వాన, బస్సులు అన్నీ ఒక్కసారిగా నావైపోయాయి. ఆ ఆనందం తట్టుకోలేక నా నోరు తన పని తాను చేసేసింది.

"నో, నో, గ్రాసియాస్."

"ఆహా, సరే" అంది సెన్యోరా. పాలు కావాలా అని అడిగింది.

ఇప్పుడు మళ్ళీ అడుగుతుందని చూశాను. ఆవిడ కేకు కోసింది. కేకు తర్వాత అడుగుతుందేమో అనుకున్నాను. రాన్ ఫుట్‌బాల్ గురించి చెప్పాడు. కోటు తొడుక్కునేటప్పుడు తప్పకుండా అడుగుతుంది, మన ఊళ్ళో ముఖ్యమైన మాటలన్నీ గుమ్మం దగ్గరే కదా. ఒక చెయ్యి తొడిగి రెండో చెయ్యి దొరకనట్టు చాలాసేపు నటించాను. రాన్ వచ్చి సాయం చేశాడు. తలుపు మూసుకుంది.

అయినా దిగులు పడలేదు. ఉద్యోగం కదా, సున్నుండ కాదు కదా, మళ్ళీ అడగడానికి రెండ్రోజులు తీసుకుంటారు అనుకుని ఈల వేసుకుంటూ ఫ్లాట్‌కి చేరాను.

ఫ్లాట్‌లో నాతో ఉండేది స్వప్న. కరీంనగర్ పిల్ల. ఆస్పత్రి ఆఫీసులో ఉద్యోగం. మనసులో మాటకీ నోటికీ మధ్య ఆమెకి గేటే లేదు. జరిగింది విని చేతిలో చపాతీ కర్ర పక్కన పెట్టింది.

"జాబిస్త అన్నది. నువ్వేమో వద్దన్నవ్."

"మొదటిసారే సరే అంటే ఏం బావుంటుందే?"

"ఆమె ఏమన్న మీ పెద్దమ్మనా, గడ్డం పట్టుకొని బతిమాలనీకి?"

"అడుగుతుందిలే. ఆవిడ మంచిది."

"మంచిదే గనక నువ్వు చెప్పింది నమ్మింది. ఇగ చూడు, ఆ జాబ్ ఎవలన్న ఎగరేసుకపోతరు."

కుళ్ళుబోతు మాటలని డైరీలో రాసుకున్నాను.

బుధవారం క్లాసులో సెన్యోరా పాఠం మొదలుపెట్టక ముందే, మా ఆఫీసుకి మనిషి కావాలి, మీలో ఎవరికైనా తెలిసినవాళ్ళుంటే చెప్పండి అంది. చూశారా, నాకోసమే మళ్ళీ అడుగుతోంది. కాకపోతే అందరినీ కలిపి అడిగింది. అందరినీ కలిపి పిలిస్తే వెళ్ళే అలవాటు మన ఇంటా వంటా లేదు. పేరు పెట్టి పిలవాలి. అందుకని తల వంచుకుని, పేరు పెట్టి పిలవడానికి వీలుగా ఒక చిన్న దగ్గు దగ్గాను.

ముందు వరసలో కోలిన్ అని రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. చెయ్యెత్తి, మా మేనకోడలు నది అవతల గేట్స్‌హెడ్‌లో ఖాళీగా ఉంది, కాలేజీలో స్పానిష్ చదివింది అన్నాడు. సెన్యోరా మొహం వెలిగిపోయింది. నంబరు ఇవ్వు, రేపే మాట్లాడతాను అంది. తర్వాత నావైపు చూసి, "దగ్గు మందు వేసుకో ఇహా" అంది, ప్రేమగా.

ఆ రాత్రి ఏం అనుభవించానో స్వప్నకే తెలుసు, ఎందుకంటే ఆమెని నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే ఆమె నా కోటు తెచ్చి ఒళ్ళో పడేసింది.

"పో. పొయ్యి నాకు కావాలె అని చెప్పు."

"ఎలా చెప్పనే? నేను ఎప్పుడూ అలా అనలేదు."

"అమ్మని అన్నం పెట్టమని కూడ అడగలేదా?"

"అమ్మే పెట్టేది."

స్వప్న నా రెండు చేతులూ కోటులోకి తోసింది. తర్వాత, తెలుగుల రాకపోతే స్పానిష్‌ల చెప్పు, గందుకే గద నేర్చుకున్నది అంది. ఇంతటి తెలివైన సలహా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నిజమే. తెలుగులో "నాకు కావాలి" అంటే చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళంతా వరసగా నిలబడి ముక్కున వేలేసుకుంటారు. స్పానిష్‌లో నన్నెవరూ పెంచలేదు. ఆ భాషలో నాకు పెద్దమ్మలు లేరు.

దారంతా "కియేరో ఎల్ త్రబాహో, నాకు ఆ ఉద్యోగం కావాలి" అని జపం చేస్తూ వెళ్ళాను. బస్సులో పక్కన కూర్చున్నామె లేచి వేరే సీటుకి మారింది. సెన్యోరా ఇంటికి చేరేసరికి వానలో తడిసి ముద్దయ్యాను. తలుపు తీసింది రాన్.

"టీ తాగుతావా, పెట్?" అన్నాడు. ఇక్కడ అందరినీ అలాగే పిలుస్తారు, బంగారం అన్నట్టు.

"అయ్యో, వద్దండీ" అన్నాను.

ఆయన ఒక్క కప్పు పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తాగాడు. నేను వణుకుతూ ఆ ఆవిరి వైపు చూస్తూ కూర్చున్నాను.

లోపలి నుంచి సెన్యోరా వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. జీవితకాలం దాచుకున్న గొంతంతా ఒకేసారి బయటికొచ్చింది.

"కియేరో ఎల్ త్రబాహో."

రాన్ చేతిలో బిస్కెట్ టీలో మునిగిపోయింది. సెన్యోరా కళ్ళజోడు సర్దుకుంది.

"కావాలా? మరి ఆదివారం వద్దన్నావు కదా?"

అప్పుడు సగం స్పానిష్‌లో, సగం ఇంగ్లీషులో, తక్కువైన చోట చేతులతో, మా ఊరి పద్ధతి మొత్తం వివరించాను. సున్నుండతో సహా. ఆవిడ విని విని కుర్చీలో కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత తన కథ చెప్పింది. వాళ్ళ పల్లెలోనూ మర్యాద అదేనట. కొత్త కోడలిగా ఇక్కడికొచ్చినప్పుడు అత్తగారు టీ కావాలా అంటే వద్దందట. ఆ అత్తగారు మహా మర్యాదస్తురాలు, కోడలికి టీ పడదు కాబోలని మళ్ళీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదట. చలికాలమంతా టీ లేకుండా గడిచిందట.

"మరి మీకు తెలిసి కూడా నన్ను మళ్ళీ అడగలేదేం?" అన్నాను.

"ఇన్నేళ్ళు ఇక్కడ బతికాను, ఇహా. మనుషులు చెప్పింది నమ్మడం అలవాటైపోయింది."

నవ్వు ఆగాక ఆవిడ మొహం ఆలోచనలో పడింది.

"అయితే ఒక సంగతి. ఇందాక ఫోన్ చేస్తే కోలిన్ మేనకోడలు కూడా వద్దంది. పాపం, ఆ పిల్లని కూడా మళ్ళీ అడగాలేమో."

"వద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ అమ్మాయి వద్దంటే వద్దనే. ఆమెది గేట్స్‌హెడ్. అడిగేదేదో నన్నే అడగండి."

సెన్యోరా నిటారుగా కూర్చుంది. సోమవారం నుంచి వస్తావా అని, పేరు పెట్టి మరీ అడిగింది. నా నాలుక పాత అలవాటు కొద్దీ "నో" కోసం పైకి లేచింది. పళ్ళ మధ్య పట్టి ఆపాను.

"సీ" అన్నాను. ఔను, వస్తాను.

ఆ సాయంత్రం స్వప్న ఎదుట, చపాతీ కర్ర మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ దేశంలో ఉన్నంతకాలం, ఎవరు ఏది ఇస్తామన్నా, ఎక్కడికి రమ్మన్నా, మొదటి మాటకే ఔనంటాను. వద్దు అనే మాట నా నోట వినబడితే నాకు మళ్ళీ మాగాయ దొరక్కుండా పోవుగాక. ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

సోమవారం ఉద్యోగంలో చేరాను. ఫోన్లో స్పానిష్ మాట్లాడుతుంటే నేనేనా అనిపించింది. డిసెంబరు చివర్లో ఒకరోజు రాన్ కాగితాల్లోంచి తలెత్తి, ఏటా కొత్త సంవత్సరం పొద్దున మేం కొంతమందిమి టైన్‌మౌత్‌లో సముద్రంలో మునుగుతాం, నువ్వూ వస్తావా పెట్, అన్నాడు. బయట కిటికీ అద్దం మీద మంచు గడ్డ కట్టి ఉంది. ఈత కూడా రాదు నాకు.

"తప్పకుండా వస్తానండీ" అన్నాను.

మళ్ళీ ఒక్కసారి అడుగుతాడేమోనని ఆయన వైపు చాలాసేపు చూశాను. అడగలేదు. నా పేరు రాసేసుకున్నాడు.