తొమ్మిది స్క్రూల తవిటయ్య

కంచరపాలెంలో తవిటయ్యలు నలుగురైదుగురున్నారు గానీ, స్క్రూల తవిటయ్య ఇల్లెక్కడని అడిగితే రైలు గేటు దగ్గర కట్టేసిన మేక కూడా మూతి తిప్పి దారి చూపిస్తుంది. అతను డ్రిల్లు మిషను మీట నొక్కితే ఆ చప్పుడుకి హార్బర్‌లో ఓడలు పక్కకి తప్పుకునేవట. తుఫానులో ఊళ్లో రేకులన్నీ గాలికి లేచిపోతే, అతను బిగించిన రేకు మాత్రం కింద ఉన్న ఇంటిని కూడా గట్టిగా పట్టుకుని కదలనివ్వలేదట. ఈ సంగతులన్నీ ఊరు చెప్పుకుంటుందని తవిటయ్యే ఊరికి చెప్తూ ఉంటాడు.

అతను చేసే పనిలో ఇటుకా ఉండదు, వెల్డింగూ ఉండదు. జింకు పూత వేసిన పల్చటి ఉక్కు రేకుని చల్లగా ఉండగానే మిషన్లో దోనెల్లా మడిచి ఛానళ్లు చేస్తారు. వాటిని నిలువుగా, అడ్డంగా నిలబెట్టి స్క్రూలతో కలిపితే ఇంటికి చట్రం అవుతుంది. ఆ స్క్రూ మొనే డ్రిల్లు. తన కన్నం తనే చేసుకుని తనే దిగిపోతుంది.

వైజాగ్ వన్ టౌన్లో ఓ సందు చివర, పాత ఉల్లిపాయల గిడ్డంగి మీద ఇలాగే రెండంతస్తులు లేపుతున్నారు. ముసలి గోడలు ఇటుకల బరువు మొయ్యలేవని ఈ ఏర్పాటు. మొదటి అంతస్తు చట్రం అయిపోవచ్చింది. పై అంతస్తుకి ఒక మేస్త్రిని పెడతారని తెలియగానే, అది తనే అని తవిటయ్య ఇంట్లో చెప్పాడు, వీధిలో చెప్పాడు, టీ కొట్టులో చెప్పాడు. భార్య చిలకమ్మయితే మేస్త్రిగారి పెళ్లాం హోదాలో వీధి కొళాయి దగ్గర వరస తప్పించి ముందు బిందె పెట్టడం కూడా మొదలెట్టేసింది. ఇప్పుడా పని రాకపోతే తవిటయ్య ఆ వీధిలో తలెత్తి నడవలేడు.

చిక్కంతా అతని చేతిలోనే ఉంది. తల్లి గురువమ్మ నలభై ఏళ్లు చేపలమ్మింది. తూకం అయ్యాక గుప్పెడు రొయ్యలైనా కొసరు వెయ్యకుండా ఒక్క బేరాన్నీ పంపలేదు. ఆ తల్లి కడుపున పుట్టినవాడికి, అతుక్కి నాలుగు స్క్రూలని డ్రాయింగులో చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. నాలుగు వేసి, పైన ఐదు కొసరు వేసేవాడు. షేర్ ఆటోలోనే తొమ్మిదిమంది కూర్చుంటారు, ఇంత మేడకి నాలుగేమిటని అతని వాదన.

అదే పనిలో అతని పక్కన రోజలిన్ ఉండేది. గోపాలపట్నంలో పదేళ్లు జాకెట్లు కుట్టి, బేరాలు తగ్గాక మిషను మూసేసి ఇటు వచ్చింది. ఆవిడ నాలుగంటే నాలుగే వేసేది. మెడలో టేపు తీసి, రేకు అంచుకి ఎడంగా, స్క్రూకీ స్క్రూకీ మధ్య వేలు పట్టేంత జాగా వదిలి మరీ వేసేది. తవిటయ్యకి ఇది వినోదం.

"ఏటమ్మా, జాకెట్టుకి హుక్కులు కుడతన్నావా?"

"జాకెట్టుకైనా దగ్గర దగ్గరగా కుడితే గుడ్డ సిరిగిపోద్ది అన్నయ్యా," అంది తలెత్తకుండా.

గుడ్డకీ ఉక్కుకీ తేడా తెలియని మనిషని తవిటయ్య ఆ రోజంతా నవ్వాడు.

సోమవారం ఇంజనీరు నీలిమ వచ్చి చట్రం అంతా చూసింది. తొమ్మిది స్క్రూల అతుకు ముందు ఆగి, ఇదెవరి పనని అడిగింది. మెచ్చుకోబోతోందనుకుని తవిటయ్య చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు. అన్ని కన్నాలు పక్కపక్కనే పడితే రేకులో బలం ఏం మిగులుతుందని ఆమె నెమ్మదిగా అడిగింది. తవిటయ్య నొచ్చుకున్నాడు. పదిమందీ వింటున్నారు మరి.

"నాదీ, రోజలిన్‌దీ రెండు అతుకులూ గొలుసుకేసి లాగండి మేడమ్. నాదే ముందు తెగితే మేస్త్రి పని నాను అడగను."

మధ్యాహ్నానికి పరీక్ష ఏర్పాటైంది. రోజలిన్ ఎప్పటిలాగే నాలుగు స్క్రూలతో రెండు రేకు పట్టీలు కలిపింది. పరీక్ష కదా అని తవిటయ్య ప్రత్యేకంగా పదమూడు వేశాడు. కింద ఉల్లిపాయలు తూచేవాళ్లు కాటా వదిలేసి పైకొచ్చారు.

ముందు తవిటయ్యది. పట్టీని దూలానికి తగిలించి, మధ్యలో బరువు చూపే కొక్కెం కాటా పెట్టి, చెయిన్ పుల్లీతో లాగడం మొదలెట్టారు. గొలుసు టకటకలాడింది. అతుకు మొయ్యాలని డ్రాయింగులో రాసిన బరువు ఇంకా రానేలేదు, మందుల కొట్టువాడు మాత్రల షీటు చింపినట్టు ఆ పట్టీ కన్నాల వరస వెంట పర్రున చిరిగి రెండు ముక్కలైంది.

తవిటయ్య కింద పడ్డ ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్క్రూ ఒక్కటైనా ఊడిందేటి?" అన్నాడు. నిజమే, పదమూడూ దిట్టంగా ఉన్నాయి. ఉక్కే పోయింది.

రోజలిన్ అతుకు తవిటయ్యది తెగిన బరువు దాటింది, డ్రాయింగులో రాసిన బరువూ దాటింది. స్క్రూలు రవ్వంత పక్కకి ఒరిగాయి గానీ వదల్లేదు. నీలిమ ఇక చాలని చెయ్యెత్తి, పై అంతస్తుకి రోజలినే మేస్త్రి అంది. తవిటయ్య వేసిన అతుకులన్నీ విప్పి, చిల్లులు పడ్డ చోట కొత్త ముక్కలు మార్చాలని కూడా చెప్పింది. అవి మూడు వందల పైమాటే.

తవిటయ్య మిషను వైరు చుట్టి సంచిలో పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. కంచరపాలెంలో ఏ అబద్ధం చెప్పాలో ఎంత వెతికినా తోచలేదు. అతని జన్మలో అలా జరగడం అదే మొదటిసారి.

రోజలిన్ మెట్లకి అడ్డంగా నిలబడింది.

"నువ్వెల్లిపోతే ఎలగన్నయ్యా? పొద్దున్న మేడమ్ అడిగిన కాణ్ణుంచి నీదొక్క అతుకు ఇప్పుదామని సూత్తన్నాను, రెండు మిషను బిట్లు ఇరిగిపోనాయి. నువ్వేసింది తీడం ఎవరివల్లా అవదు."

"నిజంగా రానేదా?"

"రానేదు."

తవిటయ్య సంచీ భుజం మీంచి దించాడు. ముఖం మీదకి రంగు మెల్లగా తిరిగొచ్చింది. విరిగిన బిట్లు చూపించమన్నాడు. చూసి, వీటితో ఎలా వస్తుందని గుర్రుమన్నాడు. వైజాగ్ మొత్తం మీద ఈ స్క్రూలు విప్పగల చెయ్యి ఒక్కటేనని అక్కడున్న ఉల్లిపాయలవాళ్లకి అప్పటికప్పుడు వివరించాడు. ఆ చెయ్యి లేకపోతే మేడ అలాగే ఆగిపోయేదన్నాడు. వాళ్లు తలలూపి కాటా దగ్గరకి వెళ్లిపోయారు.

తర్వాత కొత్త బిట్ మిషనుకి తగిలించి, గొంతు కాస్త తగ్గించి అడిగాడు.

"ఏ గోడ కాణ్ణుంచి మొదలెట్టమంటారు, మేస్త్రమ్మా?"